బొడ్డుతాడులో తేడా ఉందని స్కానింగులో తేలితే: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూడడానికి తీయించిన టిఫా స్కాన్ రిపోర్టు చేతికి రాగానే ఇంటిల్లిపాదీ చూసేది చివరి పేజీలో "ఇంప్రెషన్" అన్న మాట కింద ఉన్న మూడు నాలుగు వాక్యాలనే. అక్కడ "సింగిల్ అంబిలికల్ ఆర్టరీ" అనో, "వెలమెంటస్ ఇన్‌సర్షన్" అనో కనిపిస్తే, పర్లాకిమిడిలో ఉన్నా గుణుపురంలో ఉన్నా అందరూ అడిగేది ఒకటే: బిడ్డకు ఏమవుతుంది? దానికి జవాబు రెండు సంగతుల మీద ఆధారపడి ఉంటుంది. ఆ తేడా ఒక్కటే ఉందా, దానికి తోడు ఇంకేదైనా ఉందా అన్నది మొదటిది. పురుడు వచ్చే నాటికి తల్లి ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి ఎంత దూరంలో ఉంటుందన్నది రెండోది. మొదటిది డాక్టర్లు తేలుస్తారు. రెండోది ఇంటివాళ్లు తేల్చుకోవలసినది, మన సరిహద్దు ఊళ్లలో ఎక్కువగా ఆలస్యమయ్యేదీ అదే.

ముందుగా ఒక మాట చెప్పాలి. బొడ్డుతాడు ఎలా తయారవుతుందన్నది తల్లి తిన్న తిండి మీదో, ఎత్తిన బరువు మీదో, ఆమె చేతులు పైకెత్తి దండెం మీద బట్టలు ఆరేయడం మీదో ఆధారపడదు. కోడలు చేసిన ఏదో పని వల్ల ఇలా జరిగిందని ఎవరైనా అంటే, ఆ మాటను అక్కడితో ఆపించడం భర్త చేయవలసిన మొదటి పని.

మొదటి మెట్టు: రిపోర్టులో రాసిన పేరు ఏమిటో స్పష్టంగా తెలుసుకోవడం

మామూలుగా బొడ్డుతాడులో మూడు రక్తనాళాలు ఉంటాయి. మాయ నుంచి ఆక్సిజన్, పోషకాలు ఉన్న రక్తాన్ని బిడ్డకు తెచ్చే సిర ఒకటి, బిడ్డ నుంచి రక్తాన్ని తిరిగి మాయకు చేర్చే ధమనులు రెండు. వీటి చుట్టూ జిగురులాంటి మెత్తని పదార్థం ఉండి, నాళాలు నలిగిపోకుండా కాపాడుతుంది. నెలలు నిండేసరికి తాడు సగటున 50 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. రిపోర్టులో "త్రీ వెసెల్ కార్డ్" అని రాస్తే మూడు నాళాలూ కనిపించాయని, "టూ వెసెల్ కార్డ్" అని రాస్తే ఒక ధమని కనిపించలేదని అర్థం. సింగిల్ అంబిలికల్ ఆర్టరీ అన్నా ఇదే.

బొడ్డుతాడు తేడాలన్నీ ఒక్కటి కావు, వాటి బరువూ ఒక్కటి కాదు. "పేగులో ఏదో ఉందట" అని ఫోనులో చెప్పుకునే మాట వల్ల ప్రయోజనం లేదు. రిపోర్టులో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా ఒక కాగితం మీద రాసుకుని, డాక్టరు ముందు ఆ పేరుతోనే మాట్లాడాలి. ఆంధ్రా వైపు నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయికి ఒడియా ఇంకా పట్టుబడి ఉండదు, ఒడియా డాక్టరు చెప్పినదాన్ని అత్తగారో మరిదో తెలుగులో చెప్పేటప్పుడు సగం జారిపోతుంది. అందుచేత డాక్టరు గారిని పేరు, దాని అర్థం, తర్వాతి స్కాన్ తేదీ చీటీ మీద రాసి ఇమ్మని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

రెండో మెట్టు: అది ఒంటరిగా ఉందా, మరేదైనా తోడుగా ఉందా అని అడగడం

ఒక ధమని లేకపోవడం అరుదైన సంగతి కాదు. ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో సుమారు నూటికి 0.5 నుంచి 1 వరకు ఇది కనిపిస్తుంది, కవలల్లో ఇంకొంచెం ఎక్కువ. గుండె, మూత్రపిండాలు, వెన్నెముక, చేతులు, కాళ్లు అన్నీ జాగ్రత్తగా చూసి అవి బాగున్నాయని రేడియాలజిస్టు రాసి ఉంటే, ఉన్న ఒక్క ధమనే పెద్దదై రెండింటి పని చేస్తుంది. అలాంటి బిడ్డల్లో అత్యధికులు ఆరోగ్యంగానే పుడతారు. అలాంటప్పుడు ఈ ఒక్క కారణంతో క్రోమోజోముల పరీక్షలకు పరుగెత్తవలసిన అవసరం లేదన్నదే నేటి వైద్యుల సాధారణ అభిప్రాయం.

గుండెలోనో మూత్రపిండాల్లోనో మరో లోపం కూడా ఉంటే మాత్రం లెక్క మారుతుంది. అప్పుడు బిడ్డ గుండెకు ప్రత్యేకంగా ఫీటల్ ఎకో తీయించడం, బిడ్డ క్రోమోజోములను చూసే ఉమ్మనీటి పరీక్ష గురించి మాట్లాడడం అవసరమవుతాయి. ఉమ్మనీటి పరీక్ష 15 వారాల తర్వాతే చేస్తారు, ఫలితం రావడానికి సమయం పడుతుంది. తీవ్రమైన లోపం బయటపడితే గర్భం కొనసాగించాలా వద్దా అన్న నిర్ణయానికి చట్టం గడువు పెట్టింది. 1971 నాటి గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం సరిపోతుంది, 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం కావాలి, 24 దాటితే తీవ్రమైన లోపాల విషయంలో మెడికల్ బోర్డు అనుమతి కావాలి. అందుకే టిఫాను 18 నుంచి 22 వారాల మధ్య, వీలైతే 18, 20 మధ్యనే తీయించడం మేలు. వరినాట్లు అయ్యాక వెళదాం, పండగ అయ్యాక వెళదాం అని ఆరో నెలకు జరిపితే, ఏదైనా తేలినా చేయగలిగినవి తగ్గిపోతాయి.

మూడో మెట్టు: తేడాను బట్టి ప్రమాదాన్ని అంచనా వేసుకోవడం

మెడ చుట్టూ తాడు గురించి ముందుగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇదే అందరినీ ఎక్కువగా భయపెడుతుంది, ఇదే అన్నిటికన్నా తక్కువ భయపడవలసినది. పుట్టే బిడ్డల్లో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి మెడ చుట్టూ తాడు ఉంటుంది. బిడ్డ తిరుగుతున్నంత కాలం అది చుట్టుకుంటుంది, విడిపోతుంది. ఏడో నెల స్కాన్‌లో ఉన్నది పురుడు నాటికి ఉండాలని లేదు. బిడ్డ గర్భంలో ముక్కుతో గాలి పీల్చడం లేదు కనుక మెడ బిగిసి ఊపిరాడకపోవడం అన్న భయానికి అర్థం లేదు. కేవలం ఈ కారణంతో సిజేరియన్ అవసరం లేదు. కాన్పు సమయంలో బిడ్డ గుండె చప్పుడు తగ్గితే డాక్టర్లు అప్పుడు నిర్ణయిస్తారు, మామూలు పురుట్లో తల బయటికి రాగానే నర్సు ఆ చుట్టును వేలితో తప్పించేస్తుంది.

తాడు మాయ మధ్యలో కాక అంచున అతుక్కుంటే దాన్ని మార్జినల్ ఇన్‌సర్షన్ అంటారు. ఎదుగుదల స్కాన్లు సరిగా తీయించుకుంటే చాలు. తాడు మాయను చేరకముందే నాళాలు విడిపోయి, పొరల మీదుగా రక్షణ లేకుండా సాగితే అది వెలమెంటస్ ఇన్‌సర్షన్; ఒకే బిడ్డ ఉన్న గర్భాల్లో నూటికి ఒకటి చొప్పున ఉంటుంది. ఇక్కడ తప్పనిసరిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ నాళాలు గర్భసంచి ముఖద్వారం మీదుగా పోతున్నాయా? పోతుంటే దాన్ని వాసా ప్రీవియా అంటారు. సుమారు 2,500 కాన్పుల్లో ఒకటిగా వచ్చే ఈ స్థితి బొడ్డుతాడు తేడాలన్నిటిలో అత్యంత ప్రమాదకరమైనది. ఉమ్మనీటి సంచి పగిలినప్పుడు ఆ నాళం కూడా తెగితే పోయేది తల్లి రక్తం కాదు, బిడ్డ రక్తం. మూడు కిలోల బిడ్డ ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా మన హోటళ్లలో ఇచ్చే చిన్న టీ గ్లాసులు మూడింటికి మించదు. అందులో ఒక గ్లాసు పోయినా బిడ్డ తట్టుకోవడం కష్టం. ముందే తెలియకపోతే సగం మందికి పైగా బిడ్డలు దక్కకపోవచ్చు, ముందే కనిపెట్టి పథకం ప్రకారం ఆపరేషన్ చేస్తే దాదాపు అందరూ దక్కుతారు. స్కానింగు చేసే ఒక్క నిమిషం ఇంత తేడా తెచ్చే సందర్భాలు ప్రసూతి వైద్యంలో చాలా తక్కువ.

వాసా ప్రీవియాను నిర్ధారించాలంటే రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌తో, అవసరమైతే యోని ద్వారా చేసే స్కాన్ కావాలి. సిగ్గుపడి ఆ స్కాన్ వద్దనకూడదు, దానివల్ల గర్భానికి హాని లేదు. నిర్ధారణ అయ్యాక భార్యాభర్తల కలయిక మానుకోవాలి, లోపలి పరీక్ష ఎవరు చేయబోయినా ముందుగా ఈ పేరు చెప్పాలి. 30 నుంచి 34 వారాల మధ్య ఆసుపత్రిలో చేర్చుకోవడం, బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి రావడానికి స్టెరాయిడ్ ఇంజక్షన్లు ఇవ్వడం, నొప్పులు రాకముందే 34, 37 వారాల మధ్య సిజేరియన్ చేయడం మామూలు పద్ధతి. మాయ మొదట కిందికి ఉండి తర్వాత పైకి జరిగినవారికి, ఐవీఎఫ్ ద్వారా గర్భం దాల్చినవారికి, కవలలు ఉన్నవారికి ఇది వచ్చే అవకాశం ఎక్కువ కనుక, వారు రిపోర్టులో తాడు మాయకు ఎక్కడ అతుక్కుందో రాసి ఉందా అని తప్పక చూసుకోవాలి.

తాడులో నిజమైన ముడి సుమారు నూటికి ఒకరికి ఉంటుంది, ఎక్కువ సార్లు అది పుట్టాకే కనిపిస్తుంది. తాడు మీద నీటి తిత్తి మూడో నెలలోపు కనిపిస్తే చాలా వరకు తనంతట తాను కరిగిపోతుంది. ఐదో నెల తర్వాత కూడా ఉంటే రెండో మెట్టులో చెప్పిన పరీక్షల దాకా వెళ్లాలి.

నాలుగో మెట్టు: స్కాన్ల క్రమాన్ని కేలండరు మీద రాసుకోవడం

ఒకే ధమని ఉన్నా, తాడు పక్కకు అతుక్కున్నా, ఆ తర్వాత చూడవలసింది బిడ్డ ఎదుగుదలను. సాధారణంగా 28, 32, 36 వారాల దగ్గర గ్రోత్ స్కాన్ అడుగుతారు. మీ డాక్టరు చెప్పిన తేదీలే మీకు ప్రమాణం. ఆ స్కాన్‌లో బిడ్డ బరువు అంచనా, ఉమ్మనీటి పరిమాణం, బొడ్డు ధమనిలో రక్తప్రవాహాన్ని కొలిచే డాప్లర్ మూడూ ఉండాలి. డాప్లర్ రిపోర్టులో "ఆబ్సెంట్" లేదా "రివర్స్డ్ ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో" (గుండె చప్పుళ్ల మధ్య రక్తప్రవాహం ఆగడం లేదా వెనక్కి పోవడం) అన్న మాటలు ఉంటే, రేపు చూద్దాం అనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. 36 వారాల తర్వాత వారం వారం బిడ్డ గుండె చప్పుడును గీసి చూపే ఎన్‌ఎస్‌టీ పరీక్ష చేయించమనవచ్చు.

డబ్బు దగ్గర ఆగిపోకుండా రెండు సంగతులు గుర్తుపెట్టుకోవాలి. 2016 నుంచి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, సిజేరియన్, మందులు, రాకపోకల బండి ఉచితం. ఒడిశా ఊళ్లలో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం జరిగే మమతా దివస్ నాడు ఏఎన్ఎమ్ దీదీకి రిపోర్టు చూపించి, గర్భిణి కార్డు మీద ప్రమాదం ఉన్న గర్భం అని నమోదు చేయించుకుంటే తర్వాతి రిఫరల్ సులువవుతుంది.

ఐదో మెట్టు: పురుడు ఎక్కడన్నది ఏడో నెలలోపే తేల్చుకోవడం

మన ఆచారంలో మొదటి పురుడు కన్నవారింట్లో. సీమంతం చేసి, చీర, గాజులు పెట్టి, ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని తీసుకుపోతారు. రాయగడ కోడలు పార్వతీపురం దగ్గరి పుట్టింటికో, టెక్కలి కోడలు పర్లాకిమిడి పుట్టింటికో వెళ్లినప్పుడు రాష్ట్రం మారుతుంది, డాక్టరు మారతారు, కార్డు భాష మారుతుంది, అప్పటిదాకా చేసిన స్కాన్ల వరస మధ్యలో తెగుతుంది. బొడ్డుతాడు తేడా ఉన్న గర్భానికి సరిగ్గా ఆ రెండు మూడు నెలలే కీలకం. ఆచారాన్ని మానుకోమనడం లేదు. అయితే అమ్మాయి బయలుదేరకముందే పుట్టింటి వైపు ఆమెను చూడబోయే డాక్టరు ఎవరో నిర్ణయమై ఉండాలి, ఆ డాక్టరు పాత రిపోర్టులన్నీ ఒకసారి చూసి ఉండాలి, వెళ్లే రోజు రెండు స్కాన్ల మధ్యలో పడేలా చూసుకోవాలి. వాసా ప్రీవియా ఉంటే మాత్రం ప్రయాణం ముహూర్తాన్ని బట్టి కాక డాక్టరు మాటను బట్టి ఉండాలి.

ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. రాత్రి పూట సిజేరియన్ చేస్తారా, మత్తు డాక్టరు అందుబాటులో ఉంటారా? రక్తం దొరుకుతుందా? పుట్టిన బిడ్డల ప్రత్యేక చికిత్స వార్డు ఉందా? మా దగ్గరున్న ఉచిత వైద్య పథకం కార్డు ఇక్కడ చెల్లుతుందా? చివరి ప్రశ్న మనవాళ్లకు ముఖ్యం, ఒక రాష్ట్రం కార్డు ఇంకో రాష్ట్రంలో చెల్లుతుందని అనుకుని వెళ్లడం కంటే ముందే ఫోను చేసి అడగడం నయం. పర్లాకిమిడి జిల్లా ఆసుపత్రి నుంచి పెద్ద కేసులు వెళ్లేది బరంపురం వైద్య కళాశాలకు. ఆ కళాశాల పేరులో ఉన్న మహారాజా కృష్ణచంద్ర గజపతి పర్లాకిమిడి రాజే అయినా, అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి చాలా ఊళ్లకు దానికన్నా దగ్గర. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా విశాఖలోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు వెళ్లేవారూ ఉన్నారు. ఏది మంచిదని కాదు, మీ గడప నుంచి వానాకాలం రాత్రి ఏది ఎన్ని గంటలు పడుతుందన్నదే లెక్క. ఘాట్ రోడ్డు దాటి రావలసిన ఊళ్లవారు నెలలు నిండే ముందే ఆసుపత్రి దగ్గరికి మకాం మార్చుకోవాలి; ఒడిశాలో మారుమూల ప్రాంతాల గర్భిణుల కోసం నడిపే "మా గృహ" వసతి గురించి ఆశా దీదీని అడగవచ్చు. 108 బండి రాష్ట్ర సరిహద్దు దాటుతుందా, లేక మధ్యలో బండి మారాలా అన్నదీ ఇప్పుడే కనుక్కుని, ఊళ్లో ఒక కారు లేదా జీపు డ్రైవరుతో ముందే మాట్లాడి ఉంచుకోవాలి.

కాగితాల గురించి ఒక అనుభవం. మా చెల్లెలి టిఫా స్కాన్ బొమ్మలు పాడుకాకూడదని మా బావ ముచ్చటపడి లామినేషన్ చేయించాడు. ఆ బొమ్మలు వచ్చేది వేడికి నల్లబడే కాగితం మీద. యంత్రంలోంచి బయటికొచ్చేసరికి ఆరు బొమ్మలూ కాటుక పూసినట్టు నల్లగా అయిపోయాయి, కొత్త డాక్టరుకు చూపించడానికి రాతపూర్వకమైన రిపోర్టు ఒక్కటే మిగిలింది. అందువల్ల ప్రతి పేజీనీ, ప్రతి బొమ్మనూ ఇంటికి రాగానే ఫోనులో ఫొటో తీసి ఇద్దరు ముగ్గురి ఫోన్లలో ఉంచండి, అసలు కాగితాలను ఎండ తగలని ఫైలులో పెట్టండి. ఫైలు మొదటి పేజీ మీద బ్లడ్ గ్రూపు, మొదటి స్కాన్ ప్రకారం కాన్పు తేదీ, బొడ్డుతాడు తేడా పేరు పెద్ద అక్షరాలతో రాయండి.

ఆరో మెట్టు: ఇంటి దగ్గర గమనించవలసినవి

28 వారాల తర్వాత బిడ్డ కదలికల మీద దృష్టి పెట్టాలి. భోజనం చేశాక ఎడమ పక్కకు తిరిగి పడుకుని లెక్కిస్తే, రెండు గంటల్లో పది కదలికలు రావాలన్నది డాక్టర్లు చెప్పే మామూలు లెక్క. అంతకన్నా ముఖ్యం రోజూ ఉండే వరస. రోజూ సాయంత్రం తన్నులతో నిద్రపోనివ్వని బిడ్డ ఈ రోజు మందంగా ఉందనిపిస్తే, తీపి తాగి తెల్లారేదాకా చూడకుండా అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లాలి. నెలలు దగ్గరపడితే బిడ్డ కదలడం తగ్గుతుందన్న మాట ఊళ్లలో బాగా వినిపిస్తుంది. అది నిజం కాదు, కదలిక తీరు మారవచ్చు గానీ తగ్గకూడదు.

ఇవి కనిపిస్తే క్షణం ఆగవద్దు: నొప్పి లేకుండా ఎర్రటి రక్తం పోవడం, ఉమ్మనీరు పోతూ అందులో రక్తం కలవడం, నెలలు నిండకముందే నీరు పోవడం.

బిడ్డ అడ్డంగానో కాళ్లతోనో ఉన్నప్పుడు, ఉమ్మనీరు ఎక్కువగా ఉన్నప్పుడు, నీరు పగలగానే బిడ్డకంటే ముందు తాడు కిందికి జారే ప్రమాదం ఉంది. ఇది వెయ్యి కాన్పుల్లో ఒకటి నుంచి ఆరు వరకు జరుగుతుంది. యోని దగ్గర మెత్తగా, తాడులా ఏదైనా తగిలితే తల్లి వెంటనే మంచం మీద మోకాళ్ల మీద ఉండి, ఛాతీని పరుపుకు ఆనించి, నడుము పైకెత్తి ఉంచాలి. అలా ఉంటే బిడ్డ తల తాడు మీద నొక్కదు. తాడును లాగకూడదు, లోపలికి తోయకూడదు, చేతితో ఎక్కువ సేపు ముట్టుకోకూడదు, చలికి ఆరిపోనివ్వకూడదు. 108కి ఫోను చేసి "బొడ్డుతాడు బయటికొచ్చింది" అన్న మాటే ముందు చెప్పాలి, అప్పుడు ఆసుపత్రిలో థియేటరు సిద్ధం చేసే వీలుంటుంది. బండిలో ఎడమ పక్కకు పడుకోబెట్టి నడుము కింద రెండు దిండ్లు పెట్టాలి. ఆటోలో కూర్చోబెట్టడం, మోటారు సైకిలు వెనక ఎక్కించడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు.

ఏడో మెట్టు: బిడ్డ పుట్టిన తర్వాత

డాక్టరు తాడును, మాయను పరిశీలించి ఎన్ని నాళాలు కనిపించాయో డిశ్చార్జి కాగితంలో రాయమని అడగండి. గర్భంలో ఒకే ధమని అనుకున్నది పుట్టాక చూస్తే రెండు ఉన్న సందర్భాలూ ఉంటాయి, రెండు అనుకున్నది ఒకటే అయిన సందర్భాలూ ఉంటాయి. ఒకటే అయితే పిల్లల డాక్టరు గుండెను, పొట్టను పరీక్షించి, బిడ్డ మూత్రపిండాలకు స్కాన్ అవసరమా లేదా అన్నది చెబుతారు. బొడ్డు కోసిన చోట పసుపు, బూడిద, నూనె ఏదీ పెట్టకుండా పొడిగా ఉంచడమే సరైన పద్ధతి.

ఇక మేనమామ సంగతి. పేగు మెడలో జందెంలా వేసుకుని పుట్టిన బిడ్డ మేనమామకు ఆగదని, అతను బిడ్డ ముఖాన్ని ముందుగా నూనెలో చూడాలని మన ఇళ్లలో పెద్దవాళ్లు పట్టుబడతారు. తంతు జరిపించుకోవాలంటే జరిపించుకోండి, దానివల్ల బిడ్డకు వచ్చే నష్టం లేదు. కానీ ఆ తంతు కోసం ఆసుపత్రి నుంచి బిడ్డను ముందే తెచ్చేయడం, అర్ధరాత్రి బండి నడపగలిగిన ఒకే ఒక్క మేనమామను పురుటి రోజున ఊళ్లో లేకుండా పంపేయడం మాత్రం చేయకండి. మా చెల్లెలి పురుటికి బండి నడిపింది నేనే. పన్నెండో రోజున మా అమ్మ నా ముందు నూనె గిన్నె పెట్టింది, అప్పటికే నేను ఆ పిల్లను రెండు రాత్రులు ఒళ్లో పడుకోబెట్టుకున్నానని ఆమెకు చెప్పలేదు.